టికెట్ లేని లైను

3, సోమవారం

డిపో నుంచి ఫోను. మేనేజరే చేశాడు, గుమాస్తా చేత చేయించలేదు. ఈ సంగతి రాసిపెట్టుకోవాలి.

"పెద్దాయనా, మీ కంప్యూటర్ ఆయాసపడుతోంది. ఒక్కసారి వచ్చి చూస్తారా?"

మీ కంప్యూటర్ అన్నాడు. నేను రిటైరై పన్నెండేళ్లయింది. ఆ తర్వాత ముగ్గురు మేనేజర్లు మారారు, బస్సుల రంగు రెండుసార్లు మారింది. చార్టు గదిలో ఆ పెట్టె మాత్రం ఇప్పటికీ నాదే.

వెళ్లి చూశాను. ఫ్యాను మూలుగుతోంది, తెర మీద అక్షరాలు వణుకుతున్నాయి. అయినా రేపటి డ్యూటీ చార్టు ఠంచనుగా అచ్చేసి ఇచ్చింది. ఏ డ్రైవరు, ఏ కండక్టరు, ఏ బస్సు, ఏ దారి, ఎన్నింటికి. మొత్తం నూట ఎనభై మంది. ఇరవై ఆరేళ్లలో ఒక్కరోజు నాగా లేదు. ఇలాంటి హాజరు మనుషుల్లో నాకు ఒక్కడిదే తెలుసు. ఆ ఒక్కడూ నేనే.

సంగతేమిటంటే, పెట్టె నెలాఖరు దాటదు. కొత్త కంప్యూటర్ వచ్చి కూర్చుంది కానీ, నా ప్రోగ్రాము ఉన్న పాత భాష దానికి రాదు. దానికొచ్చిన భాషలోకి మార్చి ఇస్తే సరే. లేదంటే పై ఆఫీసు వాళ్ల రెడీమేడ్ చార్టు పెట్టుకోవాలి. అది నంబర్లు వరసగా వేసుకుంటూ పోతుందట. ఆఖరి బస్సు నడిపినవాడికి మర్నాడు మొదటి బస్సు వేయకూడదని దానికి తెలీదు. మంచాన పడ్డ తల్లి ఉన్న కండక్టరుకి పొరుగూళ్లో పడుకునే డ్యూటీ వేయకూడదని తెలీదు. మాట్లాడుకోని అన్నదమ్ములిద్దరినీ ఒకే బస్సు ఎక్కించకూడదని అసలే తెలీదు. నా చార్టుకి ఇవన్నీ తెలుసు. ముప్పై నాలుగు నియమాలు.

"ఎన్నాళ్లు పడుతుందండీ?" అన్నాడు మేనేజరు.

"మీ దగ్గర ఎన్నాళ్లున్నాయి?" అన్నాను.

పెద్దవాళ్లు అలాగే మాట్లాడాలి. బయటికొచ్చాక మెట్ల మధ్యలో కాసేపు కూర్చున్నాను. మెట్లు ఎక్కువ.

4, మంగళవారం

పని మొదలుపెట్టలేదు. పుస్తకం వెతుక్కున్నాను.

నేను కండక్టరుగా ఉన్న రోజుల్లో నాకు ఈ విద్య నేర్పింది బస్సు. ఆఖరి సీటులో ఎవరో కంప్యూటర్ ప్రోగ్రాములు నేర్పే లావుపాటి పుస్తకం ఒకటి మర్చిపోయి దిగిపోయారు. దొరికిన వస్తువు ఆరు నెలలు డిపో బీరువాలో ఉండాలి, ఎవరూ రాకపోతే దొరికినవాడిదే. అది నిబంధన. ఆ ఆరు నెలలూ వారానికోసారి వెళ్లి, ఆ మహానుభావుడు వచ్చాడా అని అడిగేవాణ్ణి. ఆయన రాకూడదని కోరుకున్నంత గట్టిగా నేను జీవితంలో దేన్నీ కోరుకోలేదు, పెళ్లితో సహా. (ఈ పేజీ ఆవిడ కంట పడకూడదు.)

ఆయన రాలేదు. హాల్టులో డ్రైవరు కునుకు తీస్తుంటే, నేను ట్రిప్పు షీట్ల వెనకవైపు పెన్సిలుతో ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. కంప్యూటర్ అంటే ఎలా ఉంటుందో అప్పటికింకా చూడలేదు. ఈత పుస్తకంలో చదివి నేర్చుకున్నవాడికి చెరువెక్కడ కనబడుతుంది? రెండేళ్ల తర్వాత డిపోకి ఒక పెట్టె వచ్చింది. అందరూ దాన్ని పామును చూసినట్టు చూస్తుంటే, నేను జేబులోంచి కాగితాలు తీశాను.

అంతకుముందు చార్టు గుమాస్తా ఉండేవాడు. చెక్కబల్లకి మేకులు, మేకులకి నంబర్ల బిళ్లలు. ఆయన బామ్మర్దులు ఇద్దరు డ్రైవర్లు. వాళ్ల బిళ్లలు ఎప్పుడూ ఊళ్లో తిరిగే బస్సుల మేకులకే వేలాడేవి. కొండ దారి మిగతావాళ్లకి. నా చార్టు వచ్చిన రోజున అందరి ముందూ ఒక మాట అన్నాను: "ఈ చార్టుకి బామ్మర్దులు లేరు." పెయింటరు దాన్ని చార్టు గది గోడ మీద రాశాడు. నిన్న చూశాను. అక్షరాలు వెలిశాయి కానీ చదవొచ్చు.

5, బుధవారం

మా కోడలు ఇంట్లోనే కూర్చుని ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తుంది. ఆవిడ చదివి నేర్చుకుంది, నేను పుస్తకం దొరికి నేర్చుకున్నాను. మా ఇద్దరి మధ్య ఉన్న తేడా అంతే. తన కంప్యూటర్లో ఒక కొత్త సహాయకుడున్నాడు, కృత్రిమ మేధ అట. వాణ్ణి చూపించింది.

"మూడు పద్ధతులున్నాయి మామయ్యా. ఒకటి, మీరు టైపు చేస్తుంటే మిగతాది అదే పూర్తి చేస్తుంది. రెండు, మీరు అడిగితే చెబుతుంది, రాసుకోవడం మీ పని. మూడు, మొత్తం అప్పగించేస్తారు. అదే చదువుకుని, అదే రాసి, అదే పరీక్షించి, అయిపోయిందని చెబుతుంది."

"నాలుగోది?"

"నాలుగోది లేదు."

"ఉంటుంది. ఏ డిపోకైనా టైమ్ టేబుల్లో లేని బస్సు ఒకటుంటుంది."

"మీరు ముందు టైమ్ టేబుల్లో ఉన్నది ఎక్కండి మామయ్యా," అంది.

వాడికి 'కొత్త గుమాస్తా' అని పేరు పెట్టాను. పాతవాడి మీద కోపం ఇంకా పోలేదు.

6, గురువారం

మొదటి పద్ధతి. నేను "ఒకవేళ డ్రైవరు" అని కొట్టానో లేదో, కొత్త గుమాస్తా బూడిదరంగు అక్షరాల్లో మిగతా వాక్యం పెట్టేశాడు. నేను చెప్పబోయిందే. ఆ తర్వాతది కూడా నేను చెప్పబోయిందే. పదో వాక్యానికి, చెప్పబోతున్నది నేనా వాడా అని అనుమానం వచ్చింది.

మా ఆవిడ వెనక నిలబడి చూసి, "దీనికి అంత ఆశ్చర్యమెందుకండీ? ఈ ఇంట్లో నలభై ఆరేళ్లుగా ఇదే కదా పద్ధతి," అంది.

నిజమే. అక్కడ కూడా చివరికి నేను తల ఊపడమే.

మానేశాను.

7, శుక్రవారం

రెండో పద్ధతి. ఎంక్వైరీ కౌంటర్ లాంటిది. అడిగితే చెబుతాడు, మర్యాదగానే చెబుతాడు, డిపో ఎంక్వైరీ కంటే చాలా నయం. నేను చదివి, అర్థం చేసుకుని, నా చేత్తో టైపు చేశాను. సాయంత్రానికి ముప్పై నాలుగులో ఒక్క నియమం అయింది.

చాలా సంతృప్తిగా ఉంది. లెక్క వేస్తే నెలాఖరు దాటుతోంది. లెక్క వేయడం ఎందుకు.

8, శనివారం

ఆవిడా కోడలూ బజారుకి వెళ్లారు.

మూడో పద్ధతి ఒకసారి ఊరికే చూద్దామని. మొత్తం ప్రోగ్రాము వాడి ఒళ్లో పెట్టి, కొత్త భాషలోకి మార్చి పెట్టు నాయనా అన్నాను. స్టీరింగు వాడికిచ్చి నేను వెనక సీటులో కూర్చున్నట్టు. టీ చల్లారేలోగా తెచ్చి పెట్టాడు. నాలుగు పేజీల నివేదిక కూడా. మొదటి వాక్యం: ముప్పై నాలుగు నియమాలూ విజయవంతంగా మార్చబడ్డాయి.

అక్కడితో చదవడం ఆపేశాను. ఇంతకంటే మంచి వాక్యం మిగతా నాలుగు పేజీల్లో ఏముంటుంది?

వాడు అంత తేలిగ్గా మార్చగలిగాడంటే కారణం ఒకటే. అసలు నేను అంత శుభ్రంగా రాశాను.

17, సోమవారం

వారం రోజులు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపారు. ఏడు చార్టులు. ఒక్క పేరు తేడా లేదు. మేనేజరు అందర్నీ చార్టు గదిలోకి పిలిచి చప్పట్లు కొట్టించాడు. "డెబ్బై రెండేళ్ల వయసులో, ఒంటిచేత్తో!" అన్నాడు. నేను కాదనలేదు. ఆ మాట మధ్యలో ఆపడం మర్యాద కాదు.

ఇంటికొచ్చి చెబితే కోడలు ఒక మాటంది. "పాతదాంతో సరిపోయిందంటే, పాతదాంట్లో తప్పుంటే ఆ తప్పు కూడా సరిపోయినట్టే కదా మామయ్యా?"

"పాతదాంట్లో తప్పుండదు."

"సరే."

ఈ "సరే" అనే మాటని ఆడవాళ్లు వాళ్ల అమ్మల దగ్గర నేర్చుకుంటారు.

18, మంగళవారం

పై ఆఫీసు వాళ్లు ఒప్పుకున్నారు కానీ ఒక మెలిక పెట్టారు. ముప్పై నాలుగు నియమాలకీ ఒక్కోదానికి కారణం రాసివ్వాలట. నా ప్రోగ్రాములో ఎక్కడా వివరణ రాయలేదు. జోకు చెప్పి దాని అర్థం కూడా చెప్పేవాడంటే నాకు చిన్నప్పట్నుంచీ జాలి.

కారణాలు కూడా కొత్త గుమాస్తానే రాయమన్నాను. ముప్పై మూడు బాగా రాశాడు. ఇరవై ఏడోది దగ్గర మాత్రం నసిగాడు. ఆ నియమం: 212 నంబరు డ్రైవరుకి కొండ దారి వేయకూడదు. దానికి వాడి కారణం: "ఈ డ్రైవరుకి కొండ దారి శిక్షణ లేకపోయి ఉండవచ్చు. ఇది నా ఊహ మాత్రమే."

ఎవరీ 212? ఎందుకు రాశాను? కారణం లేకుండా నేను లైను రాయను. అది మాత్రం ఖాయం.

చివరి వాక్యం కొట్టేశాను. మొదటిదాన్ని "శిక్షణ లేదు" అని సరిచేశాను. కాగితం మీద ఊహలుంటే బాగుండదు.

19, బుధవారం

ఇచ్చి వచ్చాను. మేనేజరు చదువుతూ చదువుతూ ఇరవై ఏడు దగ్గర ఆగాడు. "ఓహో, ఇదా సంగతి! పన్నెండక్క ట్రైనర్ పోస్టుకి పెట్టుకుంది. పదకొండేళ్ల సర్వీసులో కొండ ట్రిప్పులు సున్నా. ఎందుకా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా. శిక్షణే లేదన్నమాట. సరే, తీసి పక్కన పెట్టేస్తా. జాబితా ఇరవై ఎనిమిదో తారీఖుకల్లా పై ఆఫీసుకి వెళ్లాలి."

పన్నెండక్క. 212ని డిపోలో అలా పిలుస్తారట. నేను వెళ్లిపోయిన తర్వాతి ఏడాది వచ్చిందట.

నేను వెళ్లిపోయాక వచ్చిన మనిషి గురించి నేనెలా నియమం రాశాను?

ఎండ ఎక్కువగా ఉంది. బస్సులో కాకుండా నడిచొచ్చాను.

20, గురువారం

క్యాంటీన్‌లో కలిశాను. కలవడానికే వెళ్లాను, ఊరికే వెళ్లినట్టు వెళ్లాను. నలభైకి దగ్గర ఉంటుంది. చేతులు చూస్తే తెలుస్తుంది డ్రైవరని, గ్లాసు కూడా గేరు రాడ్డు పట్టుకున్నట్టే పట్టుకుంది.

"చార్టు బాబాయ్ గారంటే మీరేనా? కూర్చోండి కూర్చోండి. మీ గురించి వినడమే."

"ట్రైనర్ పోస్టుకి పెట్టుకున్నావటగా అమ్మా?"

"పెట్టుకున్నా బాబాయ్. నిన్న మేనేజరు గారు పిలిచి, నీకు కొండ శిక్షణ లేదుగా అన్నారు. నవ్వొచ్చింది. మా బ్యాచీలో కొండ శిక్షణలో మొదటిదాన్ని నేను. సర్టిఫికెట్టు ఫ్రేమ్ కట్టించి మా అత్తగారు టీవీ పైన గోడకి తగిలించింది. రేపు దాన్ని గోడ మీంచి పీకి తీసుకురావాలి కాబోలు."

"మరి పదకొండేళ్లుగా కొండ డ్యూటీ రాకపోతే అడగలేదా?"

"మొదట్లో అనుమానమొచ్చింది, ఆడదాన్నని వేయడం లేదేమో అని. మాతో వచ్చిన మగాళ్లందరూ ఎక్కేశారు మరి. అడుగుదామని చార్టు గదికి వెళ్లా. అక్కడ గోడ మీద రాసుంది కదా బాబాయ్, ఈ చార్టుకి బామ్మర్దులు లేరు అని. యంత్రానికి ఆడా మగా ఏం తెలుసు, నా అదృష్టమే ఇంతేమో అనుకుని తిరిగొచ్చేశా."

టీ తాగలేదు. తాగాననుకుంటాను. గ్లాసు ఖాళీగానే ఉంది.

21, శుక్రవారం

గుర్తు రాలేదు.

22, శనివారం

గుర్తొస్తుంది. పాత ట్రిప్పు షీట్లన్నీ అటక మీంచి దింపించాను. మా ఆవిడ తుమ్ములు తప్ప ఏమీ రాలేదు.

నేను రాసి ఉండను. నా తర్వాత ఎవరో వేలు పెట్టి ఉంటారు.

(నా తర్వాత ఆ భాష వచ్చినవాడు డిపోలో లేడు.)

23, ఆదివారం

ఈ రోజు వివరంగా రాయాలి.

పొద్దున్న కాఫీ దగ్గర తట్టింది. ముప్పై ఏళ్లు కండక్టరుగా నేను దేనికి భయపడ్డాను? చెకింగ్‌కి. ఇన్‌స్పెక్టరు బస్సు ఎక్కితే నన్ను పొగడడు, నా బదులు టికెట్లు కొట్టడు, నా వాక్యాలు పూర్తి చేయడు. ఒక్కొక్క ప్రయాణికుణ్ణి అడుగుతాడు. ఎక్కడెక్కావు? ఎక్కడ దిగుతావు? టికెట్ ఏది?

కొత్త గుమాస్తాకి ఉద్యోగం మార్చాను. "నువ్వు ఇప్పట్నుంచి చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌వి. ప్రతి లైనునీ టికెట్ అడుగు. జవాబు నేను చెబుతాను. నీ ఊహలు నీ దగ్గరే ఉంచుకో. నా జవాబు సరిగ్గా లేకపోతే ఒప్పుకోకు," అన్నాను.

అబ్బ, ఏం చెకింగ్ అది! ఇరవై ఆరు నియమాలకి నా టికెట్లు గడగడా చూపించాను. అన్నదమ్ముల నియమం దగ్గర, వాళ్లెందుకు మాట్లాడుకోరో కూడా చెప్పబోతే, "అది నియమానికి అవసరమా?" అన్నాడు. మర్యాదస్తుడే కానీ కథలంటే ఇష్టం లేదు. ఏ మనిషికైనా ఒక లోపముంటుంది.

ఇరవై ఏడు దగ్గర ఇలా అడిగాడు: "మిగతా నియమాల్లో మనుషుల నంబర్లు ఏటా ఆఫీసు ఇచ్చే జాబితా నుంచి వస్తున్నాయి. ఇక్కడ మాత్రం 212 అని లైనులోనే రాసి ఉంది. మీరు ఇది రాసినప్పుడూ, ఇప్పుడూ 212 ఒకే మనిషా?"

డిపోలో నంబరు ఊరికే పోదు. ఒకరు రిటైరైతే ఒకటి రెండేళ్లు ఆగి కొత్తవాళ్లకి ఇస్తారు. చొక్కా ఒకటే, మనిషి మారతాడు. ముప్పై ఏళ్లు డిపోలో తిరిగినవాణ్ణి, నాకు తెలియని సంగతా ఇది?

"ఏమేవ్, 212 నంబరు ఎవరిదో నీకేమైనా..." అని అడగబోయాను.

వంటింట్లోంచే పూర్తి చేసింది. "నిదానంది కదండీ!"

నిదానం. ఎవరు కంగారుపడ్డా "నిదానం, నిదానం" అనేవాడు, అదే పేరైపోయింది. కొండ దారిలో మూడో మలుపు దగ్గర వాడి బస్సుకి బ్రేకులు పోయాయి. మట్టిగట్టుకి ఒరిపించి ఆపాడు. యాభై మందిలో ఒక్కరికి గీత పడలేదు. డిపో అంతా వాణ్ణి భుజాల మీద మోసింది. అదయ్యాక కొండ డ్యూటీ పడ్డ ప్రతిరోజూ వాడి చేతులు వణికేవి. పైవాళ్లకి చెబితే డ్రైవింగుకే పనికిరాడని కూర్చోబెడతారు.

"వాళ్లావిడ మన వంటింట్లో ఆ పీట మీద కూర్చుని ఏడ్చింది," అంది మా ఆవిడ, చేతులు తుడుచుకుంటూ వచ్చి. "నేను చూసుకుంటానమ్మా అని మీరు మీసం మీద చెయ్యేశారు. మర్నాడు వెళ్లి ఏదో చేశారు. ఏం చేశారో నాక్కూడా చెప్పలేదు."

చేసింది ఆ లైను. పంతొమ్మిదేళ్ల కిందట, ఎవరికీ చెప్పకుండా. చెప్తే గోడ మీది మాట ఏమవుతుంది? అంత గుట్టుగా దాచాను కాబట్టే చివరికి నాకు కూడా దొరకలేదు.

నిదానం రిటైరైన రోజున వీడ్కోలు సభలో అరగంట మాట్లాడాను. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఆ మైకు ఐదు నిమిషాలు ముందు వదిలి, పక్క గదిలోకెళ్లి ఒక్క లైను చెరిపి ఉంటే సరిపోయేది.

నియమానికి ఎక్కిన చోటుంది. దిగాల్సిన చోటు నేను రాయలేదు. మనిషి దిగిపోయాడు, లైను దిగలేదు. టికెట్ లేకుండా పదమూడేళ్లు నా బస్సులోనే కూర్చుంది, అందులో పదకొండేళ్లు పన్నెండక్క సీటులో.

ఆ తర్వాత మొన్నటి నాలుగు పేజీల నివేదిక తీసి పూర్తిగా చదివాను. మూడో పేజీలో ఉంది. "212 నియమానికి కారణం తెలియలేదు. మార్చకుండా అలాగే ఉంచాను. రాసినవారిని అడగడం మంచిది."

రాసినవారు అప్పుడు టీ తాగుతున్నారు.

24, సోమవారం

కోడలికి అంతా చెప్పాను. మంచి పిల్ల, నవ్వలేదు.

"ఆ లైను తీసేయండి మామయ్యా. కొత్త చార్టులో ఆవిడకి కొండ డ్యూటీ వచ్చేస్తుంది. ఎవరికీ తెలియదు."

"పోస్టు?"

"అది... వచ్చేసారి పెట్టుకుంటుంది."

"వచ్చేసారి ఎప్పుడు?"

"ఎప్పుడండీ?"

"ఇప్పుడున్న ఇంకో ట్రైనరు రిటైరైనప్పుడు. ఆయనకింకా తొమ్మిదేళ్లుంది."

శిక్షణ ఉందని సర్టిఫికెట్టు చెబుతుంది, కానీ కొండ ట్రిప్పులు సున్నా అన్నది ఆవిడ చేతకానితనం కాదు, నా చేతి పని అని ఎవరైనా రాసిస్తే తప్ప ఆవిడ దరఖాస్తు పక్కన పడే ఉంటుంది. రాసివ్వగలిగినవాడు ఒక్కడే. వాడికి డిపోలో ఇరవై ఆరేళ్ల పేరుంది. గోడ మీద కూడా ఉంది.

మధ్యాహ్నమంతా ఆ లైను వైపే చూస్తూ కూర్చున్నాను. చెరపడానికి ఒక్క మీట చాలు. నిశ్శబ్దంగా పోతుంది.

చెరపలేదు. ఇంకా.

25, మంగళవారం

ఉత్తరం రాశాను. కొత్త గుమాస్తా సాయం లేకుండా, నా చేత్తో. రెండు పేజీలు వచ్చింది. మా ఆవిడ చదివి ఒకటిన్నర కొట్టేసింది.

మేనేజరు చదివాడు. మళ్లీ చదివాడు. "పెద్దాయనా, ఇది నేను పై ఆఫీసుకి పంపిస్తే మీ చార్టు మీద నమ్మకం..."

"నమ్మకం పోతే పోతుంది. అబద్ధం మీద ఉన్న నమ్మకం బ్రేకుల్లేని బస్సండీ. ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది."

(ఈ వాక్యం దారిలోనే తయారుచేసుకున్నాను. బాగా పేలింది.)

"ఇంకో మాట. ఈ మార్పిడి నేను ఒంటిచేత్తో చేసింది కాదు. శనివారం నాడు యంత్రం చేసింది. శిక్షణ లేదని రాసింది మాత్రం నేనే. అది ఊహ అంటే నేను నిజమని రాశాను."

షిఫ్టు మారే వేళ, చార్టు గదిలో నలభై మంది ఉండగా, మళ్లీ అందరికీ చెప్పాను. అదే గోడ ముందు నిలబడి. "చార్టుకి ఒక బామ్మర్ది ఉన్నాడు. పెట్టింది నేనే," అన్నాను. నిదానం పోయి నాలుగేళ్లయింది కాబట్టి వాడి సంగతీ చెప్పాను. పాతవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లలో ఇద్దరు ఆ రోజు ఆ బస్సులో ఉన్నవాళ్లే.

వెనకనుంచి ఒక కండక్టరు, "మరి గోడ మీద రాత మాటేంటి బాబాయ్?" అన్నాడు.

"దాని కింద నా నంబరు రాయండి."

అందరూ నవ్వారు. పన్నెండక్క నవ్వలేదు. జనం మధ్యలోంచి నా ముందుకొచ్చి నిలబడింది.

"పదకొండేళ్లు మా అత్తగారితో చెప్పుకున్నాను బాబాయ్, నాకు కొండ రాసిపెట్టి లేదు అని. రాసిపెట్టింది మీరన్నమాట."

"నేనేనమ్మా."

"ఆ నిదానం గారి చోట నేనుంటే, నాకూ రాసేవారా అలాంటి లైను?"

"రాసేవాణ్ణి."

"అయితే సరే," అంది. "కానీ ఈసారి చెప్పి రాయండి."

26, బుధవారం

నిద్ర బాగా పట్టింది.

27, గురువారం

పై ఆఫీసు నుంచి పెద్ద ట్రైనరు వచ్చాడు. పన్నెండక్కని కొండ దారి ఎక్కించి దించాడు, ఖాళీ బస్సుతో రెండుసార్లు. ఆయన మాట్లాడని మనిషి. దిగి, మేనేజరుతో ఒక్క ముక్క అన్నాడట: "రెండోసారి నేను ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను."

పేరు జాబితాలోకి ఎక్కింది, నా ఉత్తరం జతచేసి. మూడు నెలలు కొండ దారి నడిపి చూపించాలి, అదీ షరతు. "మూడు నెలలే కదా," అందట.

నా చార్టుని కూడా ఉంచుకున్నారు. పై ఆఫీసు వాళ్లు ఏమన్నారో మేనేజరు చదివి వినిపించాడు: కారణాలు ఇంత నిజాయితీగా రాసిన జాబితా ఇంతవరకూ రాలేదు. ముప్పై మూడు నియమాలు. ఒక్కోదాని పక్కన, కొత్త భాషలోనే, నేను వివరణ రాశాను: ఎవరి కోసం ఎక్కింది, ఎక్కడ దిగాలి. కొత్త గుమాస్తా అడుగుతూ పోయాడు, నేను చెబుతూ పోయాను. జవాబు తెలియని చోట "తెలియదు" అని రాశాను. రెండు చోట్ల.

జోకుకి అర్థం చెప్పడం కాదు ఇది. ఆలస్యంగా తెలిసింది. డెబ్బై రెండు కూడా ఒక వయసే.

కోడలు చూసి, "ఇదేం పద్ధతి మామయ్యా? మూడింట్లో ఏదీ కాదే," అంది.

"చెప్పాగా, టైమ్ టేబుల్లో లేని బస్సు అని."

"మా ఆఫీసులో చెప్పనా?"

"చెప్పు. ఎవరు కనిపెట్టారని అడిగితే మాత్రం మొహమాటపడకు."

31, సోమవారం

పాత పెట్టెని నేనే ఆపాను. ఫ్యాను ఇంకో నిమిషం తిరిగి ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముసలి డ్రైవరొకడు టోపీ తీశాడు.

1, మంగళవారం

కొత్త చార్టు మొదటి రోజు. కొండ దారి, పొద్దున్న మొదటి బస్సు: 212.

నాకు జీవితాంతం ఉచిత పాసు ఉంది. చూపించలేదు. ముందు సీటులో కూర్చుని టికెట్ కొనుక్కున్నాను. కండక్టరు పిల్ల, "మీకెందుకు తాతగారూ టికెట్?" అంది. "అలవాటు తప్పకూడదు," అన్నాను.

"రైట్ రైట్" నన్నే చెప్పనిచ్చారు. పన్నెండేళ్ల తర్వాత. గొంతు పాతదే, పక్క ఊరికి వినిపించి ఉంటుంది.

మూడో మలుపు ముందు పన్నెండక్క గేరు తగ్గించింది. నేను కళ్లు మూసుకున్నాను, ఎండకి.

"బాబాయ్, ఆయన ఆపింది ఇక్కడేనా?"

"ఇక్కడే. ఆ మట్టిగట్టు."

అటు ఒకసారి చూసింది. హారన్ ఒక్కటి కొట్టింది, ఎదురుగా ఎవరూ లేరు. బస్సు మలుపు తిరిగి పైకెక్కింది, నిదానంగా, ఒక్క కుదుపు లేకుండా.

దిగేటప్పుడు పాతికమంది వినేలా అడిగింది. "ఎలా నడిపాను?"

ముప్పై ఏళ్లలో ఏ డ్రైవరుకీ చెప్పని మాట చెప్పాను. "నేను టికెట్ కొని ఎక్కినందుకు గిట్టుబాటయింది."

టికెట్ ఈ పేజీకి అంటించాను. ఎక్కిన చోటు: డిపో. దిగిన చోటు: కొండ మీద.